మేత బస్తాలు మోసేవాళ్ళు జిమ్‌లో ఎంత వెయిట్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: "పాలకొల్లు దగ్గర రొయ్యల మేత కొట్టులో పనిచేస్తున్నాను. వయసు 24, బరువు 63 కిలోలు. రోజూ 25 కిలోల బస్తాలు ఎత్తి దించుతాను కాబట్టి బలానికి లోటు లేదనుకున్నాను. జిమ్‌లో చేరి నాలుగు రోజులైంది. బెంచ్ మీద పక్కవాళ్ళు రాడ్‌కి అటు 10, ఇటు 10 వేసి చేస్తుంటే నేనూ అలాగే వేశాను. నాలుగు రెప్స్‌కే ఆగిపోయింది, భుజం పట్టేసింది. అసలు ఎంతతో మొదలుపెట్టాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు. మా అక్క, అమ్మ కూడా చేద్దామనుకుంటున్నారు. అమ్మకి సుగర్, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. వాళ్ళు ఎంతతో మొదలుపెట్టాలి?"

సమాధానం:

తమ్ముడూ, ముందు భుజం సంగతి చూద్దాం. చెయ్యి పైకెత్తితే ఒకే చోట సూది గుచ్చినట్టు నొప్పి ఉన్నా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా, చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా జిమ్ ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించు. కండ అంతా బరువుగా, నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం అది కొత్త పని వల్ల వచ్చిన నొప్పే. ఇలాంటిది సాధారణంగా రెండో రోజు, మూడో రోజు ఎక్కువై తర్వాత తగ్గిపోతుంది. తగ్గేదాకా ఛాతీ, భుజం వ్యాయామాలు చెయ్యకు.

ఇక అసలు ప్రశ్న. నీ వయసు, బరువు అడిగి వెంటనే ఒక అంకె చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకు. భీమవరంలో కొత్తగా చేరేవాళ్ళకి చాలా ఏళ్ళుగా నేర్పిస్తున్నాను. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు ఒకే రోజు చేరితే ఒకరు 5 కిలోల డంబెల్స్‌తో మొదలవుతారు, ఇంకొకరు 10తో. చేతుల పొడవు, చిన్నప్పుడు ఆడిన ఆటలు, చేసిన పని, పాత దెబ్బలు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బరువుని ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆపకుండా వరసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. అందుకని బరువుని సెట్ చివర్లో వెతుక్కోవాలి. పది రెప్స్ పూర్తయ్యాక, నడుం వంకర పోకుండా, ఊపు ఇవ్వకుండా ఇంకో మూడు చేయగలను అనిపించే బరువే నీ మొదటి బరువు. ఇంకో పది చేయగలను అనిపిస్తే తక్కువైనట్టు. పదోది వణుకుతూ వస్తే ఎక్కువైనట్టు.

నీకు తెలిసిన పనిలోంచే చెబుతాను. చెరువులో చెక్ ట్రే ఎత్తి, మిగిలిన మేత చూసుకునే కదా రైతు తర్వాతి పూటకి ఎంత వెయ్యాలో తేల్చుకుంటాడు. పక్క చెరువు రైతు ఎన్ని బస్తాలు వేశాడని చూసి వెయ్యడు. ఇక్కడ చెక్ ట్రే అంటే నీలో మిగిలిన రెప్స్.

ఆ మూడు మిగిలి ఉన్నాయని ఎలా తెలుస్తుందని అడుగుతావు. మొదట్లో సరిగ్గా తెలియదు, అందరికీ అంతే. వేగాన్ని గమనించు. నువ్వు తగ్గించాలనుకోకపోయినా రెప్ దానంతటదే నెమ్మదించిందంటే చివరికి దగ్గర పడుతున్నట్టు. ఊపిరి బిగబట్టాల్సి రావడం, ఒక చెయ్యి ముందు లేవడం, మడమలు నేల మీంచి లేవడం కూడా అలాంటి గుర్తులే. రెండో వారంలో ఏదైనా మెషీన్ మీద, అంటే కూర్చుని మోకాళ్ళు చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్‌ లాంటి ప్రమాదం లేని చోట, చివరి సెట్ ఒక్కటి ఇక కదలదు అనేదాకా చేసి చూడు. మూడే మిగిలాయి అనుకున్న చోట ఆరు వచ్చాయనుకో, నీ అంచనా ఎంత తప్పుతోందో తెలుస్తుంది. ఈ పరీక్ష బెంచ్ మీద, బరువుతో కూర్చుని లేచే స్క్వాట్‌లో మాత్రం చెయ్యకు.

మొదటి రోజు వెతికే పద్ధతి ఇది. బల్ల మీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టే డంబెల్ బెంచ్ ప్రెస్ తీసుకుందాం. చేతికి 2.5 కిలోలతో పది చెయ్యి. చాలా తేలిక. రెండు నిమిషాలు ఆగి 5తో పది చెయ్యి. ఇంకా తేలికగా ఉంటే మళ్ళీ ఆగి 7.5తో చెయ్యి. ఎనిమిదో రెప్ దగ్గర వేగం తగ్గి, పది అయ్యాక ఇంకో మూడు ఉన్నాయనిపిస్తే ఆపెయ్. ఈ వ్యాయామానికి నీ బరువు 7.5. ఆ రోజుకి ఇక సెట్లు అక్కర్లేదు, పుస్తకంలో రాసుకుని తర్వాతి దానికి వెళ్ళు. ఒకే రోజు పది వ్యాయామాలు వెతకొద్దు, ఐదు చాలు. కాళ్ళకి ఒకటి, నేల మీంచి ఎత్తేది ఒకటి, ముందుకి నెట్టేది ఒకటి, వెనక్కి లాగేది ఒకటి, తల మీదకి ఎత్తేది ఒకటి.

నీలాంటి వాళ్ళు ఎక్కడ నుంచి వెతకడం మొదలుపెట్టాలో చెబుతాను. ఇవి చేరుకోవాల్సిన అంకెలు కావు, తలుపు తట్టే చోటు మాత్రమే. డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్‌కి 7.5 నుంచి, ముందుకి వంగి ఒంటి చేత్తో నడుం వైపు లాగే డంబెల్ రోయింగ్‌కి 7.5 నుంచి, తల మీదకి నెట్టే షోల్డర్ ప్రెస్‌కి చేతికి 2.5 నుంచి చూడు. మోచెయ్యి మడిచి ఎత్తే బైసెప్స్ కర్ల్‌కి 5 సరిపోతుంది. రాడ్‌ని నేల మీంచి ఎత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్‌కి రాడ్‌తో కలిపి 30. పక్కలకి చేతులు లేపే సైడ్ రైజ్ 2.5తోనే మొదలుపెట్టు, అక్కడ ఎవరికైనా అంతే.

బస్తాలు మోసేవాడికి ఇంత తక్కువా అనిపిస్తుంది. ఇది నీ ఒక్కడి సందేహం కాదు. 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కే ముఠా కూలీలు కూడా బెంచ్ మీద పడుకుంటే మొదటి రోజు చేతులు వణుకుతాయి. బస్తా మోసినప్పుడు బరువు వెన్నెముకకి ఆనుకుని, నేరుగా కాళ్ళ మీదకి దిగుతుంది. కాళ్ళు, నడుం, పట్టు గట్టిపడతాయి. కానీ ఛాతీతో నెట్టే పని, తల మీదకి రెండు చేతులతో ఎత్తే పని, తొడలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా కూర్చుని లేచే పని బస్తాల పనిలో పెద్దగా ఉండవు. కండ ఏ కదలికలో పనిచేసిందో ఆ కదలికలోనే ఎక్కువ బలం చూపిస్తుంది. పైగా రాడ్‌ని రెండు చేతులూ సమానంగా మోస్తూ, ఊగకుండా నిలబెట్టాలి. ఆ నేర్పు కొత్తది.

అందుకే మొదటి కొన్ని వారాల్లో బలం చాలా త్వరగా పెరుగుతుంది. అప్పటికి కండ పెద్దగా పెరిగి ఉండదు, నరాలు ఆ పనిని నేర్చుకుంటాయి. ఇక్కడే జాగ్రత్త కావాలి. కండ కన్నా దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు నెమ్మదిగా గట్టిపడతాయి. కండ సిద్ధమైనా మోచెయ్యి, భుజం సిద్ధంగా ఉండవు. మూడో వారంలో హుషారుగా బరువు పెంచేసి, ఐదో వారంలో మోచెయ్యి నొప్పితో మానేసేవాళ్ళని ప్రతి ఏడాదీ చూస్తుంటాను.

డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం నువ్వు అందరికన్నా ముందుంటావు, 40 కూడా తేలికగా లేస్తుంది. అయినా 30తోనే మొదలుపెట్టమంటాను. బస్తా ఎత్తేటప్పుడు వీపు గుండ్రంగా వంచడం నీకు అలవాటై ఉంటుంది. రాడ్‌ని వీపు చదునుగా పెట్టి, తుంటిని వెనక్కి నెట్టి ఎత్తాలి. ఆ తేడా ఒంటికి పట్టేదాకా బరువు పెంచకూడదు. ఇంకో విషయం. ఒలింపిక్ ప్లేట్లలో పెద్దవి 45 సెంటీమీటర్ల వ్యాసం ఉంటాయి కాబట్టి రాడ్ నేల మీంచి సుమారు జానెడు ఎత్తులో ఉంటుంది. మన ఊళ్ళ జిమ్ముల్లో 5, 10 కిలోల ఇనుప ప్లేట్లు చిన్నవి. అవి వేస్తే రాడ్ నేలకి దగ్గరగా ఉండి నడుం మరీ వంగిపోతుంది. రెండు పక్కలా ప్లేట్ల కింద చెక్క దిమ్మలో, ఇంకో రెండు ప్లేట్లో పెట్టి ఎత్తు పెంచుకో. మొదట్లో నడుం పట్టేయడానికి ఇది కూడా ఒక కారణం.

ఇప్పుడు నువ్వు బెంచ్ మీద ఎత్తింది ఎంతో చూద్దాం. అటు 10, ఇటు 10 అంటే 20 అనుకుంటున్నావేమో, రాడ్‌ని లెక్కలో వేసుకున్నావా? పోటీల్లో వాడే మగవాళ్ళ ఒలింపిక్ రాడ్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15. అదే అయితే నువ్వు ఎత్తింది 40. చిన్న జిమ్ముల్లో ఉండే సన్న రాడ్లు 7, 8 కిలోలు కూడా ఉంటాయి. వంకర రాడ్ లెక్క వేరు. పాత ప్లేట్ల మీద 10 అని పోత పోసి ఉన్నా తూకంలో అటూ ఇటూ తేడా వస్తుంది. ఇంట్లో మనుషులు తూగే మెషీన్ ఉంటే రాడ్ పట్టుకుని ఎక్కి, వచ్చినదాంట్లోంచి నీ బరువు తీసెయ్. మీ కొట్లో ఎలాగూ కాటా ఉంటుంది. జిమ్ యజమానిని అడిగి ఒకసారి తీసుకెళ్ళి తూచుకురా. ఆ అంకె రాడ్ చివర పెయింట్‌తో రాస్తే జిమ్‌లో అందరికీ పనికొస్తుంది.

మెషీన్ల మీద రాసి ఉండే అంకెలని ఇంకా తక్కువ నమ్మాలి. కేబుల్ ఎన్ని కప్పీల మీంచి వస్తోందన్న దాన్ని బట్టి, 10 అన్న చోట పిన్ను పెట్టినా చేతికి 5 మాత్రమే తగలొచ్చు. కాళ్ళతో బల్లని పైకి నెట్టే ఏటవాలు లెగ్ ప్రెస్‌లో 45 డిగ్రీల వాలు ఉంటే, వేసిన బరువులో సుమారు 70 శాతమే కాళ్ళ మీద పడుతుంది. దానికి ఆ బల్ల బరువు వేరే కలవాలి. అందుకని ఒక జిమ్‌లో చేసిన 50ని ఇంకో జిమ్‌లో 50తో పోల్చలేం. ఏ మెషీన్ అంకె ఆ మెషీన్‌కే రాసుకోవాలి.

మొదటి బరువు దొరికాక దాన్నెలా పెంచాలన్నది అంతకన్నా ముఖ్యం. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 8 నుంచి 12 రెప్స్ మధ్య పెట్టుకో. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కో వ్యాయామానికి మూడు సెట్లు. మొదటి వారం రెండు సెట్లు చాలు. మూడు సెట్లలోనూ ఫామ్, అంటే చేసే తీరు, చెడకుండా 12 వస్తే బరువు పెంచి మళ్ళీ 8కి దిగు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఒక్కో మెట్టుకి 2 నుంచి 10 శాతం పెంచమంటుంది. రాడ్‌తో అయితే అది కుదురుతుంది. 1.25 ప్లేట్లు రెండు వేస్తే 2.5 కిలోలు పెరుగుతాయి. డంబెల్స్‌తోనే చిక్కు. 5 నుంచి 7.5కి వెళ్ళడమంటే ఒకేసారి సగం బరువు పెరగడం. సైడ్ రైజ్‌లో 2.5 నుంచి 5 అంటే రెట్టింపు. ఆ చోట్ల 12 దగ్గరే పెంచకుండా 15, 18 రెప్స్ దాకా సాగదీసి అప్పుడు పెంచు. జిమ్‌లో చిన్న ప్లేట్లు లేకపోతే హార్డ్‌వేర్ షాపులో పెద్ద ఇనుప వాషర్లు కొని, తూచి, అరకిలో కట్టలు రెండు చేసుకో. రాడ్‌కి చెరో వైపు ఒకటి తగిలించి లాక్ బిగిస్తే కిలో పెరుగుతుంది.

తక్కువతో మొదలుపెడితే నెలలు వృథా అవుతాయన్న భయం చాలామందిలో ఉంది. లెక్క వేసి చూడు. 20 కిలోల ఖాళీ రాడ్‌తో స్క్వాట్ మొదలుపెట్టి, వారానికి రెండు సార్లు చేస్తూ, చేసిన ప్రతిసారీ 2.5 పెంచగలిగితే ఎనిమిది వారాల్లో 60 అవుతుంది. అందరికీ ప్రతిసారీ పెరగకపోవచ్చు, సగం వేగంతో పెరిగినా 40. ఛాతీ, భుజాల వ్యాయామాల్లో ఇంకా నెమ్మదిగా వస్తుంది. నీ పక్కవాళ్ళు వేసే బెంచ్ బరువు నీకు ఒకటి రెండు నెలల దూరంలో ఉంది, అంతే.

సెట్లకి బరువు ఎలా పంచాలో తెలియకపోతే ఒక పాత పద్ధతి ఉంది. 1940లలో థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక డాక్టర్ గాయపడ్డ సైనికుల కాళ్ళకి బలం తెప్పించడానికి దాన్ని తయారుచేశాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువుని కొలతగా పెట్టుకుని, మొదటి సెట్ దాంట్లో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో చేయించేవాడు. నీకు నేను చెప్పేది అంతకన్నా కొంచెం తేలిక, మూడు రెప్స్ మిగుల్చుకోమంటున్నాను కదా. కానీ మెట్లు మెట్లుగా ఎక్కే ఆ పద్ధతి వార్మప్‌కి చాలా బాగుంటుంది. నీ బరువు 40 అయితే ముందు 20తో, తర్వాత 30తో చేసి అప్పుడు 40 పట్టు.

మేత లారీ వచ్చిన రోజు సాయంత్రం కాళ్ళు, నడుం వ్యాయామాలు పెట్టుకోకు. అప్పటికే వందల కిలోలు ఎత్తి దించి ఉంటావు, అది కూడా వ్యాయామంగానే లెక్క. ఆ రోజు సెలవు తీసుకో. చెయ్యాలనిపిస్తే ఛాతీ, భుజాల పని తేలికగా చేసుకో. ఎండాకాలం మన దగ్గర ఉక్కపోతకి, రేకుల షెడ్డు జిమ్ముల్లో నిన్న లేచిన బరువు ఇవాళ లేవదు. చెమటకి పట్టు జారుతుంది, గుండె ముందే వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. అలాంటప్పుడు 10 శాతం తగ్గించి చెయ్యి, పొద్దున్నే వెళ్ళు, నీళ్ళో ఉప్పు వేసిన మజ్జిగో తాగు. సంక్రాంతికో పెళ్ళిళ్ళకో రెండు మూడు వారాలు గ్యాప్ వస్తే తిరిగి వచ్చిన మొదటి రోజు పాత బరువులో 80 శాతంతో మొదలుపెట్టు. ఒకటి రెండు వారాల్లో పాత చోటికి వచ్చేస్తావు.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కొత్తవాళ్ళు మొదటి రోజే వందలకొద్దీ రెప్స్ చేస్తే, అందులోనూ ఎండలో, నీళ్ళు తాగకుండా చేస్తే, కండ దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడతాయి. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండలు బాగా వాచి, విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే వెంటనే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జిమ్‌లో చేరానని కూడా డాక్టర్‌కి చెప్పాలి.

బెంచ్ మీద ఒంటరిగా రాడ్ పట్టొద్దు. పక్కన ఎవరూ లేకపోతే డంబెల్స్‌తోనే చెయ్యి. లేవకపోతే పక్కకి దించేయొచ్చు, రాడ్ అయితే ఛాతీ మీదో మెడ మీదో పడుతుంది. కోచ్ పట్టించుకోవడం లేదని బెంగ పెట్టుకోకు. ఫోన్ పక్కన పెట్టి ఒక సెట్ వీడియో తీసి, ఖాళీగా ఉన్నప్పుడు ఆయనకి చూపించి "నడుం సరిగ్గా ఉందా అండి" అని అడుగు. ఇలా ఒక్క విషయం గురించి అడిగితే దాదాపు ఎవరైనా చెబుతారు.

మీ అక్కకి పద్ధతి అదే, తలుపు తట్టే చోటు వేరు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కాళ్ళ బలంలో తేడా తక్కువ, చేతులు, భుజాల బలంలో తేడా ఎక్కువ. అందుకని గాబ్లెట్ స్క్వాట్ 5తో, రోయింగ్ 4, 5తో, బెంచ్, షోల్డర్ ప్రెస్ చేతికి 2తో చూడమను. ఆ తర్వాత ఆపకుండా పెంచమను. రంగు రంగుల కిలో డంబెల్స్‌తో ఏడాది గడిపేసే అమ్మాయిలని చూస్తే నాకు బాధగా ఉంటుంది. కండలు మగాడిలా వచ్చేస్తాయని ఎవరో భయపెడతారు. ఆడవాళ్ళలో కండ పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్ చాలా తక్కువ కాబట్టి వారానికి మూడు రోజుల వ్యాయామంతో అలా రావు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపులో తల మీదకి ఎత్తేది) 110 కిలోలు, ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తి కాంస్యం తెచ్చింది. మన తెలుగింటి అమ్మాయి ఎంత ఎత్తగలదో మీ అక్కకి ఆ అంకెలు చెప్పు.

అమ్మ విషయంలో ముందు డాక్టర్‌ని అడగాలి. సుగర్ ఉంది కాబట్టి బీపీ, గుండె, కంటి రెటీనా చూపించుకుని, బరువులు ఎత్తొచ్చా అని నేరుగా అడగండి. ఆయన సరేనంటే జిమ్ అక్కర్లేదు, ఇల్లు చాలు. మొదటి బరువు ఆమె ఒళ్ళే. గట్టి కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవాలి. ఎనిమిది సార్లు రాకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. మోకాలు ఏ లోతులో నొప్పి పెడుతుందో ఆ లోతుకి పైనే ఆగాలి. గోడని చేతులతో నెట్టడం ఛాతీకి చాలు. లీటరు నీళ్ళ సీసా అంటే కిలో డంబెల్‌తో సమానం, దాంతో వంగి వెనక్కి లాగడం, భుజం దాకా ఎత్తడం చెయ్యొచ్చు. పన్నెండు తేలికగా వచ్చాక రెండు లీటర్ల సీసా. ఊపిరి అస్సలు బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు పైకి అంకెలు లెక్కపెట్టమను, లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలంటుంది, ఆ రెండు రోజులతోనే మొదలుపెట్టండి. ఇన్సులిన్ గానీ, సుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించవద్దు. పక్కన గ్లూకోజ్ పొడో రెండు చెంచాల పంచదారో పెట్టుకోండి. మొదటి కొన్ని సార్లు వ్యాయామానికి ముందు, తర్వాత సుగర్ చూసి రాసుకుంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మందుల డోసు గురించి అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది.